తాడు మీద చెయ్యేసినవాడికి వాటా

కనకరత్నం ఉద్యోగంలో చేరేనాటికి బందరులోని ఆ కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఘోషాలో పెట్టిన రాణుల్లా ఉండేవి. ఉన్నాయని అందరికీ తెలుసు, చూసినవాడు మాత్రం లేడు. బీరువాలన్నిటికీ తాళాలు. ఆ తాళంచెవుల గుత్తి అప్పటి లైబ్రేరియన్ దైవాధీనంగారి మొలకి. హాలుకి అడ్డంగా ఒక చెక్క కౌంటరు, ఆ కౌంటరుకి ఒక చిన్న కిటికీ. కుర్రాడెవడైనా చీటీ రాసి కిటికీలో పెడితే, దైవాధీనంగారు ముందు చీటీని చూసి, తరవాత కుర్రాణ్ణి చూసి, "ఈ పుస్తకం నీకెందుకురా?" అనేవాడు. ఎందుకో చదివితే కదా తెలిసేది!

తొంభై ఏడులో ఆయన రిటైరయ్యాడు. సన్మానం చేసి, శాలువా కప్పి, "వీరి హయాంలో ఒక్క పుస్తకం కూడా పోలేదు" అని పొగిడారు. గడప దాటని పుస్తకం ఎలా పోతుంది? కోడిని గంప కింద మూసిపెట్టి, మా కోడి ఎవరి దొడ్లోకీ వెళ్ళదని చెప్పుకున్నట్టు.

ఆయన కుర్చీలోకి వచ్చింది కనకరత్నం. నాగాయలంక దాటి సముద్రం వేపు వెళ్తే వచ్చే పాలెం ఆమెది. తండ్రి నాంచారయ్య వలకెళ్ళేవాడు. తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మేది. డెబ్భై ఏడు ఉప్పెనలో తల్లి పోయింది. పదేళ్ళ పిల్లని అవనిగడ్డలో హాస్టల్లో వేశారు. అక్కణ్ణించి మొదలుపెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, లైబ్రరీ చదువు దాకా వచ్చిందామె. మనిషి పొడుగు, చామనఛాయ. గొంతు మాత్రం తల్లిది. ఒడ్డున నుంచుని పిలిస్తే నీళ్ళలో పడవ వెనక్కి తిరగాల్సిందే. అలాంటి గొంతుని ఆమె లైబ్రరీ కోసం అణిచిపెట్టి, గుసగుసగా మాట్లాడ్డం నేర్చుకుంది. అదొక్కటీ ఆమెకి బియ్యేకన్నా కష్టమైన చదువు.

చేరిన వారానికే ఆమెకి ఒక సంగతి అర్థమైంది. లైబ్రరీకి రావాల్సిన పిల్లలు మెట్ల కింద కూర్చుంటున్నారు. దివిసీమ నుంచీ, గుడివాడ వేపు నుంచీ పాసు మీద బస్సుల్లో వచ్చే పిల్లలు వాళ్ళు. బస్సు టైమయ్యేదాకా ఎక్కడికి పోతారు? మెట్ల కింద కేరేజీలు విప్పుకుని, వచ్చేపోయేవాళ్ళకి పేర్లు పెడుతూ కూర్చునేవాళ్ళు. ఒకరోజు కనకరత్నం దిగి వెళ్ళి అడిగింది.

"పైన ఫ్యాన్లున్నాయి కదర్రా, రాకూడదూ?"

"అమ్మో, లైబ్రరీయా మేడమ్! అక్కడ మాట్లాడకూడదంటగా," అందొక పిల్ల.

"మాట్లాడకుండా మేం బతకలేమండీ," అన్నాడు పక్కనున్నవాడు. అందరూ నవ్వారు.

కనకరత్నం నవ్వలేదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు రాకపోతే క్లాసుకి క్లాసునే తీసుకురావాలనుకుంది. స్టాఫ్ రూముకెళ్ళి లెక్చరర్లని అడిగింది. వారానికొక గంట మీ క్లాసుని లైబ్రరీకి తీసుకురండి అని. ఒకాయన సిలబస్ అన్నాడు, ఒకావిడ మోకాళ్ళు అంది. హిస్టరీ చెప్పే ఆనందరావు మాస్టారొక్కడే తలూపాడు. ఆయన ఎవరేం చెప్పినా తలూపుతాడు, అది వేరే సంగతి.

ఆ మొదటి రోజు చూడాలి. క్లాసు క్లాసంతా పైకొచ్చింది. కుర్చీలు సగంమందికే ఉన్నాయి. మిగతావాళ్ళు గోడకి ఆనుకుని, పరాయి ఇంట్లో పెళ్ళికొచ్చినవాళ్ళలా నిలబడ్డారు. కనకరత్నం బీరువాలు తెరిచి, ఇది చరిత్ర, ఇది అర్థశాస్త్రం అని చూపించుకుంటూ వెళ్ళింది. గుసగుసగా చెప్పింది కాబట్టి వెనకవాళ్ళకి వినపడలేదు. ముందువాళ్ళకి అర్థం కాలేదు. ఒక కుర్చీ కిర్రుమంటే పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఛీఛీ అని లేచి వెళ్ళిపోయాడు. గంట గడిచేసరికి, కూచిపూడి నుంచి బస్సులో వచ్చే నవ్యశ్రీ అనే పిల్ల బీరువా దగ్గరికొచ్చి, చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "మేడమ్, ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

ఆ మాట కనకరత్నానికి ముల్లులా దిగింది. డిగ్రీ చదివే పిల్ల పుస్తకాన్ని ముట్టుకోవచ్చా అని అడగటమేంటి?

ఆ ఆదివారం ఆమె పాలెం వెళ్ళింది. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. ఆ వల ఇంటికొకటి ఉండే చిన్న వల కాదు. ఒక తాడు కొస ఒడ్డున ఉంచి, పడవ మీద వలని సముద్రంలో చుట్టూ తిప్పి, రెండో కొసని ఇంకోచోట ఒడ్డుకి చేరుస్తారు. అక్కణ్ణించి రెండు తాళ్ళనీ ఊరు ఊరంతా పట్టి లాగాలి. పాడుతూ, తిట్టుకుంటూ, ఒకరి మీద ఒకరు పరాచికాలాడుకుంటూ లాగుతారు. నోరు మూసుకుని వల లాగినవాళ్ళని ఏ ఒడ్డునా చూడలేదెవరూ. వల ఒడ్డెక్కాక, తాడు మీద చెయ్యేసిన ప్రతివాళ్ళకీ వాటా ఉంటుంది. ఆ రోజు నడుం వంగిపోయిన ఒక ముసలమ్మ వచ్చి తాడు చివర పట్టుకుంది. ఆమె లాగిందో, తాడే ఆమెని లాగిందో దేవుడికి తెలియాలి. అయినా పంపకంలో ఆమె చీరకొంగులో కూడా చేపలు పడ్డాయి.

"ఆవిడేం లాగింది అయ్యా?" అంది కనకరత్నం నవ్వుతూ.

"లాగిందా అని ఎవడడిగాడే? చెయ్యేసిందిగా," అన్నాడు నాంచారయ్య. "ఒక్కడే లాగితే వల రాదు. వాడే పోతాడు వలతోపాటు."

సోమవారం కనకరత్నం లైబ్రరీ వెనక గది తలుపు తెరిపించింది. విరిగిన బల్లలూ, పాత బోర్డులూ, చెదలూ, వాటి మధ్య కాపరం చేస్తున్న పిల్లీ. మెట్ల కింద పిల్లల్నే పిలిచి గది కడిగించింది. బాగున్న బల్లల్ని ఏడు చోట్ల జతలు జతలుగా కలిపించింది. సముద్రం వేపు కిటికీలు తెరిస్తే ఆ గదిలో గాలి ఫ్యాను అక్కర్లేనట్టు వచ్చేది. ఆ గాలే తరవాత ఆమె కొంప మీదికి తెచ్చింది. ఆ మాట తరవాత.

ఏర్పాటు ఇలా చేసింది. ముందు హాలు మౌనంగా చదువుకునేవాళ్ళది. అక్కడ చీమ నడిచినా వినపడాలి. వెనక గది మాట్లాడుకుంటూ చదువుకునేవాళ్ళది. మధ్యలో తలుపు మూసే ఉండాలి. ఏ క్లాసు వస్తుందో ఆ మాస్టారు ముందురోజే వచ్చి పాఠం ఏంటో చెప్పాలి. పెళ్ళివారు కూర్చునేసరికి విస్తళ్ళు వేసి ఉంచినట్టు, ఆమె ఏ బల్లకి ఏ పుస్తకాలో పిల్లలొచ్చేసరికి పెట్టి ఉంచేది. బల్లకొక ప్రశ్న. ఒకళ్ళు పైకి చదవాలి, ఒకళ్ళు రాసుకోవాలి, ఒకళ్ళు తెలియని మాటకి నిఘంటువు తీయాలి, ఒకళ్ళు లేచి బీరువాలో ఇంకేమైనా ఉందేమో వెతకాలి. ఆఖర్న ప్రతి బల్లా లేచి తనకి దొరికింది మిగతా బల్లలకి చెప్పాలి. అదే పంపకం. ఏమీ చెప్పకుండా ఊరికే కూర్చుంటానంటే కుదరదు.

"తాడు మీద చెయ్యేసినవాడికి వాటా. వాటా తిన్నవాడు పంచాలి," అని చెప్పేది. ఆ గదిలో ఆమె గొంతు అణిచిపెట్టక్కర్లేదు కాబట్టి, ఆ మాట కింద సైకిల్ స్టాండు దాకా వినపడేది.

ఏడాది తిరిగేసరికి మెట్ల కింద ఖాళీ అయిపోయింది. అటెండరు గంగన్న ఆ మెట్ల కింద సైకిలు పెట్టుకోటం మొదలుపెట్టాడు.

అది ఒకాయనకి గిట్టలేదు. కామర్సు హెడ్డు పూర్ణచంద్రరావుగారు. లైబ్రరీ కమిటీకి ఆయనే పెద్ద. ఒకరోజు గుమ్మంలో నుంచుని చుట్టూ చూసి, "ఏమ్మా కనకరత్నం, ఇది లైబ్రరీయా, చేపల బజారా?" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో, ఎవర్నన్నాడో గదిలో అందరికీ తెలుసు. పిల్లలు తలలు దించుకున్నారు.

కనకరత్నం తల దించలేదు. "చేపల బజారే అనుకోండి మాస్టారూ. చేపల బజార్లో ఏ చేప ఎక్కడుందో, ఎంత తాజాదో చంటిపిల్లని అడిగినా చెప్తుంది. ఇన్నేళ్ళూ మన లైబ్రరీలో ఏ పుస్తకం ఎక్కడుందో ఎవరికి తెలుసండీ?" అంది.

పూర్ణచంద్రరావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. చదువుకున్నవాళ్ళకి అదొక వీలు, జవాబు లేనప్పుడు తుడుచుకోటానికి కళ్ళజోడుంటుంది. ఆయనకి లోపల కావాల్సింది నిశ్శబ్దం కూడా కాదు. సముద్రపు గాలొచ్చే ఆ గదిని స్టాఫ్ రూము చేసుకుని, మధ్యాన్నం భోజనమయ్యాక ఒక కునుకు తీయాలని ఆయన కోరిక.

ఇక దాతలు. ఆ కాలేజీలో దాత లేని వస్తువు లేదు. బల్ల మీద పేరు, బోర్డు మీద పేరు, మంచినీళ్ళ కుండ మూత మీద పేరు. ఫ్యాను రెక్కల మీద కూడా పేరే. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు కదా, అందుకని దాతగారు వచ్చినప్పుడల్లా ఉక్కపోస్తున్నా ఫ్యాను ఆపేవాళ్ళు. వాళ్ళందర్లోకీ పెద్ద దాత, పాలకవర్గానికి అధ్యక్షుడు, గుడివాడ భుజంగరావుగారు. రైసుమిల్లూ, పొలాలూ ఉన్న మనిషి. ముందు హాల్లో ఆయన పెట్టించిన టేకు బీరువా ఉంది. అద్దాల తలుపులు, లోపల ఆయన తండ్రి శివరామయ్యగారి ఫోటో, ఫోటోకి గంధపు దండ, ఫోటో ముందు ఒకే ఒక్క పుస్తకం.

ఆ పుస్తకం శివరామయ్యగారు రాసిందే. రుబ్బురోలంత బరువు. ఆయన జీవితమంతా ఈ డెల్టాలో కాలవగట్ల మీద నడిచి, ఏ కాలవ ఎటు పారింది, ఏ నేల ఏం పండింది, ఏ వరద ఏ ఊరు ముంచింది, ఏ నీళ్ళలో ఏ చేప దొరికింది అన్నీ అడిగి రాసి, సొంతంగా అచ్చు వేయించాడు. అచ్చయిన వాటిలో సగం చెదలు తిన్నాయి, సగం ఉప్పెన తిన్నది. మిగిలింది ఈ ఒక్కటే. ఏటా తండ్రి ఆబ్దికం నాడు కొడుకొచ్చి, బీరువా తెరిచి, పుస్తకానికి హారతిచ్చి, మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆనందరావు మాస్టారి బి.ఏ. పిల్లలకి ఆ ఏడాది సొంత ప్రాంత చరిత్ర రాసే పని పడింది. కనకరత్నం బస్సెక్కి గుడివాడ వెళ్ళింది. భుజంగరావుగారు కాఫీ ఇప్పించి, ఆమె చెప్పింది విని, అదిరిపడ్డాడు.

"నాన్నగారి పుస్తకమా? పిల్లకాయల చేతికా?"

"ఆయన ఎవరు చదవాలని రాశారండీ?" అని అడిగింది కనకరత్నం.

ఆయన లేచి దేవుడి మందిరంలోకెళ్ళి తాళంచెవి తెచ్చాడు. దానికి కుంకంబొట్టుంది.

"తీసుకోమ్మా. కానీ ఒక్కమాట విను. ఆ పుస్తకం మీద గీత పడితే మా నాన్న ఒంటి మీద పడ్డట్టే. అది జరిగిందో, తాళంచెవి నాకిచ్చేసి, నీ వెనక గది ఖాళీ చెయ్యాలి. పూర్ణచంద్రరావు ఆ గది కోసం నా ప్రాణం తోడేస్తున్నాడు. నువ్వేదో పిల్లలకి మంచి చేస్తున్నావని ఊరుకున్నాను."

"సరేనండీ," అందామె. ఆ ఒక్క మాటతో గదిని పణం పెట్టి వచ్చింది.

కొన్ని వారాలు బాగానే గడిచింది. పుస్తకం ఒక్కటే, బల్లలు ఏడు. ఒక బల్ల చదువుతుంటే మిగతావాళ్ళు కాచుకుని కూర్చోవాలి. గంట గడిచేసరికి రెండు బల్లలకి మించి తిరిగేది కాదు. దివిసీమ పిల్లల కళ్ళు బస్సు మీద, మిగతావాళ్ళ కళ్ళు కాంటీను మీద.

అలాంటి ఒక రోజు కనకరత్నానికి కింద పరీక్ష హాల్లో డ్యూటీ వేశారు. "జాగ్రత్తగా ఒక బల్ల తరవాత ఒక బల్ల తీసుకోండి," అని చెప్పి దిగింది. ఆనందరావు మాస్టారు పిల్లలు బుద్ధిగానే ఉన్నారు కదా అని ముందు హాల్లో పేపరు పట్టుకున్నాడు.

గదిలో శ్రీకృష్ణ అనే కుర్రాడున్నాడు. కనకరత్నం పాలెం పక్క పాలెమే వాడిది. చిన్నప్పటి నుంచీ వలలు అల్లిన చేతులు వాడివి. కాసేపు కాచుకుని విసిగిపోయాడు.

"ఒరే, మా ఒడ్డున సొరచేప పడితే ఏం చేస్తారో తెలుసా? ఒకడు తిన్నాక ఇంకొకడు తినండని కూర్చోరు. అక్కడే ఇసకలో పెట్టి కోసి, ఎవడి వాటా వాడికిచ్చేస్తారు. మేడమ్ చెప్పింది అదేగా," అన్నాడు.

"పుస్తకాన్నా!" అంది గుడివాడ వేపు పిల్ల అనూష.

"కాయితం చింపుతానా ఏంటి? దారం తప్పిస్తానంతే. ఏ భాగం ఎక్కడ మొదలైందో నువ్వు చూసి చెప్పు."

అనూష చూసి చెప్పింది. వాడు జామెట్రీ బాక్సులో బ్లేడు తీసి, అట్ట విప్పి, కుట్టుదారం ఒక్కొక్కటే తెగ్గోశాడు. చేపల పొట్ట చీల్చినంత నేర్పుగా చేశాడు. ఒక్క కాయితం నలగలేదు. భాగాలు చూసుకుని ఏడు వాటాలు వేశారు. ఏడు బల్లలకీ పంచారు.

కనకరత్నం పైకొచ్చేసరికి గది నిండా తలలు వంగి ఉన్నాయి. ఆమె వచ్చిన సంగతి కూడా ఎవరూ చూడలేదు. కాలవల బల్లవాళ్ళు నేల మీద సుద్దముక్కతో కాలవలు గీస్తున్నారు. చేపల బల్లలో నవ్యశ్రీ చదువుతోంది. ముట్టుకోవచ్చా అని అడిగిన పిల్లే, పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలితో వరస వరసా చూపిస్తూ చదువుతోంది. ఇన్నాళ్ళూ ఆమె ఏ గది కోసం కలగన్నదో అది ఆ రోజే, ఆ నిమిషమే కళ్ళ ముందుంది. దాని మధ్యలో బల్ల మీద శివరామయ్యగారి ఖాళీ అట్ట, లోపల ఏమీ లేని కొబ్బరిచిప్పలా తెరుచుకుని ఉంది.

"వాటాలు వేశాం మేడమ్!" అన్నాడు శ్రీకృష్ణ మెచ్చుకోలు కోసం.

వాణ్ణి కొట్టాలో, ముద్దుపెట్టుకోవాలో కనకరత్నానికి తెలియలేదు.

సరిగ్గా అప్పుడే పూర్ణచంద్రరావుగారు వచ్చాడు. రోజూ గోల ఎక్కువైందని వచ్చేవాడు, ఆ రోజు చప్పుడు లేదేంటా అని అనుమానంతో వచ్చాడు. అట్టని చూశాడు, ముక్కల్ని చూశాడు. ఏమీ అనకుండా ఆఫీసుకెళ్ళి గుడివాడకి ఫోను చేశాడు. మర్నాడు పొద్దున్నే భుజంగరావుగారు వస్తున్నారని గంగన్న వచ్చి చెప్పాడు.

శ్రీకృష్ణ మొహం పాలిపోయింది. "మేడమ్, పొద్దుటికల్లా నేను కుట్టేస్తాను. వలదారంతో కుడితే తెలియనే తెలియదు. పూర్ణచంద్రరావు సారు అబద్ధం చెప్పాడందాం."

"చచ్చి మూడ్రోజులైన చేప మీద చల్లటి నీళ్ళు చల్లి, ఇప్పుడే తెచ్చానని అమ్మమంటావా?" అంది కనకరత్నం. "మా అమ్మ ఎప్పుడూ అలా అమ్మలేదు. నేనూ అమ్మను. నువ్వేం చేశావో నువ్వు చేశావు. నేర్పింది నేను."

ఆమె ఆనందరావు మాస్టారి దగ్గరికెళ్ళి, మర్నాడు పొద్దున్న అదే క్లాసుని మళ్ళీ తీసుకురమ్మంది. ఆయన వణికిపోయాడు. "ఆయన వచ్చే టైముకా అమ్మా? పుస్తకం ముక్కలు ఆయన కళ్ళ ముందు పెట్టుకునా? మీ ఉద్యోగమే పోతుందేమో."

"గది పోతే నాకింకేం ఉద్యోగం మాస్టారూ? మళ్ళీ ఆ కిటికీలో కూర్చోటమేగా," అందామె. ఆయన తలూపాడు. అలవాటు కదా, ఆ అలవాటు ఒక్కోసారి మంచికే వస్తుంది.

మర్నాడు కారు వచ్చింది. భుజంగరావుగారు తెల్లపంచ, తెల్లలాల్చీ, వెనకాల పూర్ణచంద్రరావుగారు. మెట్లెక్కి, ముందు హాలు దాటి, వెనక గది తలుపు తోశారు. ఏడు బల్లలు, ఏడు వాటాలు, మధ్యలో ఖాళీ అట్ట. భుజంగరావుగారి మొహం ఎర్రబడింది.

"మా నాన్నని ఏడు ముక్కలు చేశారు," అన్నాడు. అది కోపం కాదు, అంతకన్నా పెద్దది.

కనకరత్నం చేతులు జోడించింది. "తప్పు నాదండీ. పిల్లలకి వాటాలు వెయ్యటం నేర్పింది నేనే. ఇదిగోండి తాళంచెవి. గది సాయంత్రానికి ఖాళీ చేస్తాను. కానీ ఈ గంట ఒక్కటీ కూర్చోండి. మీ నాన్నగారిని వీళ్ళేం చేశారో చూసి వెళ్ళండి."

"ఇంకా కూర్చోవాలా సార్, చూస్తూనే ఉన్నారుగా," అన్నాడు పూర్ణచంద్రరావుగారు.

భుజంగరావుగారు ఎవరి మాటా విననట్టు, దగ్గర్లో ఉన్న బల్ల ముందు కూలబడ్డాడు. అది మురుగుకాలవల బల్ల. అనూష చదువుతోంది. ఆమె ఆగిపోతే కనకరత్నం సైగ చేసింది, చదవమని. అనూష మళ్ళీ అందుకుంది. గుడివాడ వేపు ఊళ్ళు ఒక్కొక్కటే వస్తున్నాయి. భుజంగరావుగారు పుట్టిన పల్లె వచ్చింది. ఊరి మురుగుకాలవ పూర్వం ఊరికి పడమట పారేదని శివరామయ్యగారు రాశాడు.

"ఆగాగు," అన్నాడు భుజంగరావుగారు. "పడమటేంటి? తూర్పున. ఆ కాలవలో నేను ఈత కొట్టాను."

"పడమట అనే ఉందండీ," అంది అనూష.

"ఉంటే ఉండనీ. నాన్న పొరపాటు రాశాడు."

"మా నాయనమ్మ కూడా పడమటనే చెప్తుందండీ. ఆవిడది మీ పక్క ఊరే."

"మీ నాయనమ్మకేం తెలుసు?"

"మా నాయనమ్మ ఆ కాలవలో బట్టలుతికిందండీ. మీరు ఈతే కదా కొట్టారు."

గది గొల్లుమంది. భుజంగరావుగారు పై కండువా తీసి బల్ల మీద పడేశాడు. "ఏదీ, ఇలా ఇవ్వు," అని ఆ వాటా లాక్కుని తనే చదవటం మొదలుపెట్టాడు. ఏటా హారతివ్వటమే కానీ, ఆయన ఆ పుస్తకం తెరిచి చదివిన పాపాన పోలేదు. కాలవల బల్ల నుంచి శ్రీకృష్ణ లేచొచ్చి, పడమటైతేనే నీళ్ళు పల్లానికి పోతాయన్నాడు. వరదల బల్లవాళ్ళు ఏదో పేజీ పట్టుకొచ్చి కాదు, తూర్పే అన్నారు. భుజంగరావుగారు బల్ల చరిచి, "చూశావా! చూశావా!" అని మేడ ఎగిరేలా అరిచాడు.

కనకరత్నం చప్పున వెళ్ళి తలుపు మూసింది. "మెల్లిగా అండీ. ముందు హాల్లో చదువుకుంటున్నారు. అరవాలంటే తలుపేసుకుని అరవాలి, ఇక్కడ పద్ధతి అది," అంది.

"అలాగా. సరే సరే," అన్నాడాయన చిన్నపిల్లాడిలా.

పంపకం వేళైంది. బల్ల బల్లా లేచి చెప్పింది. మురుగుకాలవల బల్ల వంతు వచ్చేసరికి అనూష, "మా బల్ల తరఫున తాతగారు చెప్తారు మేడమ్," అంది. ఆయన లేచి, పంచె సర్దుకుని, చెప్పాడు. తండ్రి ఏం రాశాడో చెప్పి, తను ఎందుకు ఒప్పుకోడో చెప్పాడు. సన్మాన సభల్లో ఆయన ఎన్నో ఉపన్యాసాలిచ్చాడు. అవి వినేవాళ్ళు ఆవలించేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఒక్కడు కూడా బస్సు సంగతి తలుచుకోలేదు.

అయ్యాక ఆయన ఖాళీ అట్టని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"దీన్ని మళ్ళీ ఒక్కటిగా కుట్టిస్తే, ఒక్కళ్ళే చదవగలరు," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. తరవాత గట్టిగా, "ఏడింటికీ ఏడు గట్టి అట్టలు వేయించండి. ఖర్చు నాది. ఏడింటి మీదా నాన్న పేరు బంగారు అక్షరాలతో పడాలి," అన్నాడు.

ఒక పేరు పోయి ఏడు పేర్లొచ్చాయి. దాత అన్నవాడికి అంతకన్నా ఏం కావాలి? అయినా ఆయన్ని ఊరికే ఆడిపోసుకోకూడదు. ఆ మాటన్నప్పుడు ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి.

"మరి ఆ గది సార్?" అన్నాడు పూర్ణచంద్రరావుగారు ఆశ చావక.

"ఏ గదయ్యా? ఇదా? ఇది వీళ్ళది," అని, తాళంచెవి కనకరత్నం చేతిలోనే వదిలేసి మెట్లు దిగాడు.

ఆయన కారు వెళ్ళాక కనకరత్నం శ్రీకృష్ణ చెవి పట్టుకుంది. "ఇంకోసారి నన్నడక్కుండా పుస్తకం మీద బ్లేడు పెట్టావో, నీ చెయ్యి వాటాలేసి పంచుతాను. ఏడూ నువ్వే కుట్టు. నీ వలదారం తెచ్చుకో." వాడు కుట్టాడు. బైండరు అట్టలు మాత్రమే వేశాడు. ఆ కుట్లు చూసి బైండరు, "ఇవి తెగవమ్మా, సముద్రం లాగినా," అన్నాడట.

ఆ తరవాత ఎన్నేళ్ళు గడిచినా ఆ గది అలాగే ఉంది. ఎకనామిక్సువాళ్ళొచ్చారు, తెలుగువాళ్ళొచ్చారు. రెండువేల మూడో, నాలుగో, పూర్ణచంద్రరావుగారు రిటైరయ్యే ఏడు తన కామర్సు క్లాసుని కూడా తీసుకొచ్చాడు. గాలి కోసమే వచ్చాడని గంగన్న అంటాడు. ఎందుకోసం వచ్చినా చెయ్యేశాడు కదా, కనకరత్నం ఆయనకీ ఒక బల్ల చూపించింది.

భుజంగరావుగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆ గొడవ జరిగిన నెలకి ఆయన ఒక్కడే వచ్చాడు. ముందు హాల్లో కనకరత్నం బల్ల ముందు కూర్చుని, అటూ ఇటూ చూసి, గుసగుసగా, "ఊళ్ళో ముసలాళ్ళని అడిగానమ్మా. తూర్పు కాలవ నా చిన్నప్పుడు కొత్తగా తవ్విందట. అసలు కాలవ పడమటే. నాన్నే కరెక్టు," అన్నాడు.

కనకరత్నం కూడా అంతే గుసగుసగా, "నాకెందుకు చెప్తారండీ? లోపల క్లాసుంది. వాళ్ళ వాటా వాళ్ళకి ఇవ్వండి," అని, లేచి వెనక గది తలుపు తెరిచింది.

ఆయన కండువా సర్దుకుని లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది. తరవాత లోపల్నించి అనూష గొంతు, "నే చెప్పలా!" అని.